నోరు తెరవకముందే భాష అడిగే ప్రశ్న

(జర్మనీలోని ఒక తెలుగు వారాంతపు బడిలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు మీరడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి ముందే పంపారు. చూస్తే సగానికి పైగా ఒకటే ప్రశ్న, అడిగిన తీరే వేరు. ఇంట్లో తెలుగు, బడిలో జర్మన్, యూట్యూబులో ఇంగ్లీషు, పక్కింటి పిల్లతో కాస్త టర్కిష్, ఇవి చాలవన్నట్టు శనివారం పైథాన్ అనే కంప్యూటరు భాష క్లాసు. ఇన్నీ ఒకేసారి నెత్తిన పెడితే పిల్లకి అంతా కలగాపులగం అయిపోదా అని. ఒకరైతే ఇంకా సూటిగా, "తెలుగు ఆపేసి ఆ రెండు గంటలూ కోడింగుకి ఇద్దామా?" అని అడిగారు. అదెవరో చెయ్యెత్తమని అనను లెండి. (నవ్వులు)

జవాబు చివరిదాకా దాచను. ఆపకండి. ఎందుకు ఆపొద్దంటున్నానో చెప్పడానికే వచ్చాను.

నేను పుట్టింది గుంటూరులో, మాటలు నేర్చింది కిట్వేలో. కిట్వే అంటే జాంబియాలో రాగి గనుల ఊరు. అప్పట్లో మన లెక్కల మేస్టార్లు, సైన్సు మేస్టార్లు చాలామంది జాంబియాకి, ఇథియోపియాకి, నైజీరియాకి వెళ్లి అక్కడి బళ్లలో పాఠాలు చెప్పేవారు. మా నాన్నగారు అలా వెళ్లినవారే. 1964లో స్వతంత్రం వచ్చాక జాంబియా ఇంగ్లీషుని అధికార భాషగా ఉంచుకుంది. రేడియోకి, బళ్లలో వాడటానికి ఏడు స్థానిక భాషల్ని ఎంచుకుంది. మా వైపు బెంబా. నాకు దాన్ని ఎవరూ నేర్పలేదు. వీధిలో ఆడుకోవాలంటే రావాలి కాబట్టి వచ్చింది.

బెంబాలో నామవాచకాలన్నీ జట్లు జట్లుగా ఉంటాయి. మనుషులది ఒక జట్టు, చెట్లది ఒకటి, వస్తువులది ఇంకొకటి, ఇలా డజనుకి పైనే. మాట మొదట్లో వచ్చే చిన్న ముక్కే అది ఏ జట్టుదో చెప్పేస్తుంది. అక్కడితో ఆగదు. దాని వెనక వచ్చే అంకె, విశేషణం, క్రియ అన్నీ ఆ జట్టుకి తగ్గట్టు తల మార్చుకోవాలి. ఇద్దరు మనుషులు అయితే "అబంటు బబిలి". రెండు చెట్లు "ఇమిటి ఇబిలి". రెండు వస్తువులు "ఇఫింటు ఫిబిలి". ఒక జట్టు తలని ఇంకో జట్టుకి తగిలించామా, వీధి వీధంతా నవ్వేది.

మా అమ్మకి ఇదంతా విడ్డూరం. "రెండుకి ఇన్ని రూపాలేమిట్రా, వీళ్లకి పనిలేదూ" అనేది. ఆవిడ మాత్రం? ఇద్దరు పిల్లలు అంటుంది, రెండు పిల్లలు అనదు. రెండు కుర్చీలు అంటుంది, ఇద్దరు కుర్చీలు అని కలలో కూడా అనదు. మన భాష కూడా లెక్కపెట్టే ముందు అది మనిషా కాదా అని అడుగుతోంది. పుట్టినప్పటినుంచి జవాబు చెప్తున్నాం కాబట్టి ప్రశ్న మన చెవిన పడదు.

పెద్దవాళ్లని బహువచనంలో పలకరించడం వాళ్లకీ ఉంది. పేరు ముందు "బ" చేరిస్తే అది మన "గారు". ఇంగ్లీషు బడిలో ఈ బాధే లేదు. హెడ్మాస్టరైనా కుక్కపిల్లైనా యూ. కాని ఇంగ్లీషు ఊరికే వదిలిపెట్టిందా? ఏదో ఒక పుస్తకమా, ఇందాక అనుకున్న ఆ పుస్తకమేనా అని ప్రతి నామవాచకం ముందూ నిలదీస్తుంది. ఏ, యాన్, ది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన తెలుగువాళ్లని కూడా ఇవి ఏడిపిస్తాయి, ఎందుకంటే మన భాష ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు.

రోమన్ యాకబ్సన్ అని పెద్ద భాషాశాస్త్రవేత్త. మాస్కోలో పుట్టి, ప్రాగ్‌లో పనిచేసి, నాజీలు వస్తే డెన్మార్కు, నార్వే, స్వీడన్ దాటుకుంటూ 1941లో న్యూయార్కు చేరాడు. అన్ని భాషల్లో బతికిన మనిషి 1959లో ఒక వ్యాసంలో తేల్చింది ఇది: ఏ భాషలోనైనా ఏదైనా చెప్పొచ్చు. ఏది చెప్పక తప్పదు అన్న దగ్గరే భాషలు వేరవుతాయి.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాట చుట్టూ తిరిగేదే. మనుషుల భాషైనా, కంప్యూటరు భాషైనా.

పదో ఏట నన్ను గుంటూరు తెచ్చి బ్రాడీపేటలో నాయనమ్మ దగ్గర పెట్టారు. కిట్వేలో ప్రతి ఆవిడా ఆంటీయే. ఇక్కడ ఆంటీ అంటే ఎవరూ తల తిప్పరు. పిన్నా, పెద్దమ్మా, అత్తయ్యా, వదినా? అంటే అమ్మ వైపా, నాన్న వైపా, పెద్దా, చిన్నా, పుట్టుకతో చుట్టమా, పెళ్లితో చుట్టమా, ఇవన్నీ తేలాలి. వరస తేల్చుకోకుండా మంచినీళ్లు కూడా అడగలేను. తెలుగు వచ్చిన పిల్లాడినే, కాని ఈ తెలుగు రాలేదు. ఎండాకాలం సెలవులు మొత్తం నాయనమ్మ నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

ఆ మరుసటి ఏడాది బడికి కంప్యూటరు వచ్చింది. 1984 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బళ్లకి బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇచ్చింది, మీలో నా వయసువాళ్లకి గుర్తుండొచ్చు. చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్లేవాళ్లం, గుడికి మల్లే. దాంట్లో బేసిక్ భాష. పేరు దాచుకునే చోటుకి చివర డాలరు గుర్తు పెట్టాలి, పూర్ణాంకం దాచుకునే చోటుకి శాతం గుర్తు. సారు దాన్ని సూత్రంలాగా బట్టీ పట్టించారు. నాకు బట్టీ అక్కర్లేకపోయింది. ఇది ఏ జట్టుదో గుర్తు తగిలించమంటోంది, అంతే కదా. బెంబావాళ్లు ముందు తగిలిస్తారు, ఇది వెనక తగిలించమంటోంది. జట్టు తప్పితే వీధి పిల్లలు నవ్వినట్టే తెర మీద "టైప్ మిస్‌మ్యాచ్" అని పడుతుంది.

తర్వాత కాలేజీలో పాస్కల్. స్విట్జర్లాండులో నిక్లౌస్ విర్త్ 1970లో తెచ్చిన భాష. అది బేసిక్ కన్నా కచ్చితం, నీ దగ్గర ఏమేం ఉన్నాయో అన్నీ పైనే జాబితా రాసి సంతకం పెట్టు, తర్వాతే పని అంటుంది. సీ భాష అడిగేది ఇంకొకటి: జ్ఞాపకంలో చోటు అడిగి తీసుకున్నావు, ఎప్పుడు తిరిగి ఇస్తావు? జావా, పైథాన్ ఆ సంగతి మేం చూసుకుంటాంలే అంటాయి. 2015లో స్థిరపడ్డ రస్ట్ అయితే ఇంకా ముందుకెళ్లి, ఈ వస్తువు ఇప్పుడు ఎవరిది, నీ సొంతమా, ఎరువు తెచ్చుకున్నావా అని ప్రోగ్రాము నడవకముందే అడుగుతుంది. ఇన్ని భాషలు నేర్చుకోవడం కష్టం కాదా అని నన్ను అడుగుతుంటారు. కొత్త మాటలు, చుక్కలు, కామాలు వారంలో అలవాటవుతాయి. కొత్త ప్రశ్నకి అలవాటు పడటానికే టైము పడుతుంది.

ఇక్కడ మీకు టోనీ హోర్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త కథ చెప్పాలి. నా కథ కంటే ఇదే ముఖ్యం.

1934లో కొలంబోలో పుట్టాడాయన. తల్లిదండ్రులు ఇంగ్లీషువాళ్లు, తండ్రి అప్పటి వలస ప్రభుత్వంలో ఉద్యోగి. చదువుకి ఇంగ్లండు వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఏం చదివాడంటారు? గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. మన ఊళ్లో అయితే "ఇంక వీడికి ఉద్యోగం వచ్చినట్టే" అనేవాళ్లం. (నవ్వులు) తర్వాత నిర్బంధ సైనిక సేవకి నౌకాదళంలో చేరితే అక్కడ రష్యన్ నేర్పారు. ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు, రష్యన్ వచ్చినవాళ్లు కావాలి. ఆ రష్యన్ చేతిలో ఉంది కాబట్టి 1959లో మాస్కో విశ్వవిద్యాలయానికి వెళ్లి, రష్యన్ వాక్యాల్ని కంప్యూటరు చేత ఇంగ్లీషులోకి మార్పించే పనిలో పడ్డాడు.

అక్కడొక చిక్కు. నిఘంటువు ఉన్నది అయస్కాంత టేపు మీద, అక్షరక్రమంలో. పుస్తకమైతే మధ్యలో తెరుస్తాం. టేపు అలా కుదరదు, మొదటినుంచి తిరుగుతూ పోవాల్సిందే. వాక్యంలో మాటలు ఉన్న వరసలోనే వెతికితే ఒక్కో మాటకీ టేపు మళ్లీ మొదటికి రావాలి. అదే ఆ వాక్యంలో మాటల్ని ముందుగా అక్షరక్రమంలో పేర్చుకుంటే, టేపు ఒక్కసారి తిరిగేసరికి అన్నిటికీ అర్థాలు దొరికిపోతాయి. మరి గబగబా పేర్చడం ఎలా? ఆయనకి మొదట తోచిన పద్ధతి బాగా నెమ్మది. రెండో ఆలోచన ఇది: ఏదో ఒక మాటని పట్టుకో. దానికంటే ముందు రావాల్సినవన్నీ ఒక పక్కకి తొయ్యి, తర్వాత రావాల్సినవి ఇంకో పక్కకి. ఇప్పుడు ఒక్కో పక్కనీ తీసుకుని మళ్లీ అదే పని చెయ్యి. అదే క్విక్‌సార్ట్. ఇంజినీరింగు చదివిన ప్రతి ఒక్కరూ పరీక్షలో రాసి వచ్చినదే. అది రష్యన్ వాక్యాల కోసం పుట్టిందని మాత్రం నాకు ఏ మేస్టారూ చెప్పలేదు.

కథ ఇంకా ఉంది. ఆలోచన వచ్చింది, దాన్ని శుభ్రంగా రాయడానికి తనకి తెలిసిన కంప్యూటరు భాషలో వీల్లేదు. "మళ్లీ అదే పని చెయ్యి" అన్న ముక్క ఉంది చూశారా, దాన్ని చెప్పడమే గండం. ఇంగ్లండు తిరిగొచ్చి కంప్యూటర్లు చేసే కంపెనీలో చేరాక, 1961లో బ్రైటన్‌లో ఆల్గాల్ 60 అనే కొత్త భాష మీద జరిగిన శిక్షణకి వెళ్లాడు. చెప్పినవాళ్లలో డెన్మార్కు నుంచి పీటర్ నౌర్, నెదర్లాండ్స్ నుంచి డైక్‌స్ట్రా ఉన్నారు. ఆ భాషలో ఒక పని తన లోపలనుంచి తననే మళ్లీ పిలుచుకోవచ్చు. రికర్షన్ అంటాం. అది చూడగానే మాస్కోలో తట్టినది కొన్ని వాక్యాల్లో ఒదిగిపోయింది. 1980లో కంప్యూటరు రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు తీసుకుంటూ ఆయన ఆ సంగతి చెప్పి, తన ఆలోచనని అంత అందంగా చెప్పగలిగిన ఘనత ఆల్గాల్ తయారుచేసినవాళ్లది అన్నాడు.

అదే మనిషి 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో శూన్య సూచిక పెట్టాడు. నల్ అంటారు మీవాళ్లు. ఈ గదిలో ఉన్న ప్రోగ్రామర్లందరూ ఒక్కసారైనా దాన్ని తిట్టుకుని ఉంటారు. ఇక్కడ వస్తువు ఉండాలి అన్న చోట ఏమీ లేకపోవచ్చు, ఆ విషయం ముందు ఒప్పుకోనక్కర్లేదు. తేలిగ్గా అమలు చెయ్యొచ్చు కదా అని పెట్టేశానని, అది తాను చేసిన బిలియన్ డాలర్ల తప్పని 2009లో సభలో ఆయనే చెప్పాడు. నా లెక్కలో అది అడగాల్సిన ప్రశ్న అడగని భాష. "ఉందా, లేదా?" అన్నది భాష ముందే అడిగి ఉంటే ప్రోగ్రాములు అర్ధరాత్రి కూలేవి కావు. కాట్లిన్, స్విఫ్ట్, రస్ట్ లాంటి కొత్త భాషలు ఇప్పుడు ఆ ప్రశ్న అడిగి, జవాబు రాసేదాకా ముందుకు పోనివ్వవు.

సరే, నేను జర్మనీ ఎలా వచ్చానో త్వరగా చెప్పేస్తాను. పై చదువుకి వచ్చాను, ఉండిపోయాను. మీలాగే. జర్మన్‌లో అందరూ భయపడేది ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోవడం. ఇంగ్లీషు నుంచి వచ్చినవాడికి అది నరకం. మనకేం? మన క్రియ ఎప్పుడూ చివరే. నామవాచకం లింగాన్ని బట్టి దాని ముందు పెట్టే డెర్, డీ, డాస్ మాత్రం ఏ లాజిక్కుకీ లొంగలేదు, అవి బట్టీయే.

మొదటి ఉద్యోగం ప్రింటర్ల సాఫ్ట్‌వేరులో. అడోబ్‌వాళ్లు 1984లో తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష అక్కడ రాజ్యం. దాంట్లో "రెండు మూడు కూడు" అని రాస్తారు. ముందు సరుకు, తర్వాత పని. "వంద, రెండొందలు, అక్కడికి జరుగు." ఫోర్త్ అనే భాషదీ ఇదే పద్ధతి, 1972 నాటి హ్యూలెట్ ప్యాకర్డ్ జేబు కాలిక్యులేటరుదీ ఇదే. నాతోపాటు చేరినవాళ్లు దీన్ని తలకిందుల భాష అని తిట్టేవారు. నాకు తలకిందులుగా కనిపించలేదు. "పప్పులో ఉప్పు వెయ్యి" అని కదా ఇంట్లో చెప్పుకునేది. జపాన్‌వాళ్లకీ క్రియ చివరే. వాళ్లు 1980ల్లోనే ఫోర్త్ పద్ధతిలో మైండ్ అనే జపనీస్ ప్రోగ్రామింగ్ భాష చేసుకున్నారు.

ఇప్పుడు నా పని కంప్యూటర్లలో అక్షరాల వ్యవహారం. ఒక చిన్న ఆట చూపిస్తాను. "స్త్రీ" అని రాద్దాం. ఎన్ని అక్షరాలు? పిల్లలు చెప్పండి. ఒకటి. బాగుంది. సీ భాషని అడిగితే 18 అంటుంది. అది బైట్లు, అంటే జ్ఞాపకంలో పట్టే చిన్న గళ్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. పైథాన్‌ని అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. స్విఫ్ట్‌ని అడిగితే వెర్షన్ని బట్టి ఒకసారి 3, ఒకసారి 1. కంప్యూటర్లలో అన్ని లిపులకీ అంకెలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. మన ఒత్తులన్నీ కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న నియమం దాంట్లోకి వచ్చింది 2023లో. తెలుగు యూనికోడ్‌లో ఉన్నది 1991 నాటి మొదటి కూర్పు నుంచి. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. "పొడవెంత?" అన్న ప్రశ్నని ఒక్కో భాష ఒక్కోలా అర్థం చేసుకుంది.

ఇంకో తమాషా. "తెలుగు" అన్న మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని పైథాన్‌ని అడగండి. కాదు అంటుంది! గుణింతపు గుర్తుల్ని అది అక్షరాల కింద జమ కట్టదు. ఏడు చదువులు చదివిన ఇంజినీర్లు ఇది తెలియక తెలుగు పేర్లని ఫారంలో వద్దనే సాఫ్ట్‌వేరు రాస్తుంటారు. 2018 ఫిబ్రవరిలో అయితే ఒకే ఒక్క తెలుగు కూర్పు మెసేజిలో వస్తే ఐఫోన్లో యాప్ కుప్పకూలేది. జ కింద ఞ ఒత్తు, పక్కన కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. అదే నెలలో యాపిల్‌వాళ్లు సరిచేశారు. మనవాళ్లు కొందరు దానికి గర్వపడ్డారు కూడా. (నవ్వులు) ఇలాంటివి ముందే పట్టుకోవాలంటే ప్రోగ్రామింగూ రావాలి, గుణింతమూ రావాలి. తెలుగు మానేసి కోడింగు నేర్చుకున్న పిల్ల దీన్ని పట్టుకోలేదు.

కోడింగంటే ఇంగ్లీషే కదా, తెలుగెందుకు అని ఇంకో ప్రశ్న ఉంది కాగితంలో. గ్రేస్ హాపర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1950ల్లో యూనివాక్ కంప్యూటరుకి ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలిచ్చే పద్ధతి కనిపెట్టి, పైవాళ్లకి చూపించేటప్పుడు అదే ప్రోగ్రాముని ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ నడిపి చూపించింది. యంత్రానికి ఏ మాటైనా ఒకటే అని చెప్పడం ఆవిడ ఉద్దేశం. పైవాళ్లు హడలిపోయారట. ఫిలడెల్ఫియాలో తయారైన పరువుగల అమెరికన్ కంప్యూటరుకి ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయి? అబ్బే, ఇంగ్లీషు తప్ప వేరేది వాడం అని నచ్చజెప్పడానికి ఆవిడకి నెలలు పట్టింది.

అలా ఇంగ్లీషు స్థిరపడింది. కాని ఎంత ఇంగ్లీషు? 1989 ప్రమాణంలో సీ భాషకి ఉన్న సొంత మాటలు 32. అంతే. ఇఫ్, ఎల్స్, వైల్. పిల్లలు వాటిని ఒక్క సాయంత్రంలో గుర్తుపట్టేస్తారు. ఆ 32 మాటల్ని తెలుగులోకి మార్చేసి తెలుగు ప్రోగ్రామింగ్ భాష తెచ్చామనేవాళ్లంటే నాకు గౌరవమే, కాని కష్టం ఉన్నది అక్కడ కాదు. కష్టమంతా వివరణలో ఉంది. జపాన్‌లో యుకిహిరో మత్సుమోతో 1995లో రూబీ భాష విడుదల చేశాడు. దాని సొంత మాటలు ఇంగ్లీషువే. వివరణలు, చర్చలు, పాఠాలు మాత్రం జపనీస్‌లో నడిచాయి. ఇంగ్లీషులో మొదటి పుస్తకం వచ్చింది 2000లో. అప్పటికే జపాన్‌లో పిల్లలూ పెద్దలూ సొంత భాషలో దాని గురించి పోట్లాడుకుంటున్నారు. మనకి కావాల్సింది అది. రికర్షన్ అంటే ఏమిటో అమ్మమ్మకి తెలుగులో చెప్పగలిగిన పిల్లకి రికర్షన్ వచ్చినట్టు.

ఇందాక బ్రైటన్‌లో పాఠం చెప్పాడన్నాను, ఆ డైక్‌స్ట్రా 1975లో రాసిన ఒక నోట్‌లో, మంచి ప్రోగ్రామరుకి లెక్కల బుద్ధి తర్వాత అన్నిటికన్నా విలువైనది మాతృభాష మీద గట్టి పట్టు అన్నాడు. సొంత భాషలో ఆలోచన తేటగా లేనివాడు కోడ్‌లో తేటగా రాయలేడని నా అనుభవం కూడా. పోతే, కంప్యూటరు భాషలు మనుషుల భాషల్లాంటివే అని మాత్రం నమ్మకండి. సీ భాషలో ఎవరూ జోల పాడలేదు. మీ పిల్ల "డీ టిష్ మీద పెట్టాను" అంటే బల్ల మీద అని మీకు అర్థమవుతుంది, ముందు రావాల్సిన డెర్ బదులు డీ అన్నా సర్దుకుంటారు. ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు సర్దుకోదు. పిల్లలు భాషలు కలిపి మాట్లాడితే కంగారు పడొద్దు, ఎవరితో ఎంత కలపాలో వాళ్లకి తెలుసు. మీతో కలిపే పిల్ల బడి టీచరుతో కలపదు, గమనించండి.

ఒకేలాంటి కంప్యూటరు భాషలు మూడు నేర్పించే బదులు, ఒకటి బాగా నేర్పించి, రెండోది దానికి పూర్తిగా వేరేది చూపించండి. ఆరేళ్లకే పైథాన్ అక్కర్లేదు. పదేళ్లు దాటిన పిల్లలుంటే మాత్రం వచ్చే శనివారానికి ఒక పని ఇస్తున్నాను. చుట్టరికం చెప్పే ప్రోగ్రాము రాయమనండి. అమ్మ వైపా నాన్న వైపా, పెద్దా చిన్నా, ఆడా మగా అని అడగాలి, వరస చెప్పాలి. అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు, నాన్న అన్నదమ్ముల పిల్లలు తోబుట్టువుల లెక్క. అమ్మ అన్నదమ్ముల పిల్లలు, నాన్న అక్కచెల్లెళ్ల పిల్లలు బావలు, మరదళ్లు. ఇంతవరకు నాలుగు ఇఫ్‌లతో అయిపోతుంది. అసలు ఆట ఆ తర్వాత. ఊరికి ఫోను చేసి అమ్మమ్మని అడగమనండి: మేనమామ వచ్చి మా అక్కని చేసుకుంటే, ఆయన నాకు మామయ్యా, బావా? ఒకే మనిషికి రెండు వరసలు. ఏది ముందు తీసుకోవాలో ప్రోగ్రాముకి చెప్పాలి కదా. మా ఇంట్లో అదే జరిగింది. మేం ఇప్పటికీ మామయ్య అనే పిలుస్తాం, మా అక్క మాత్రం ప్రతి పండక్కీ ఒప్పుకోదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరసలో ఆ పాప చాలాసేపటినుంచి చెయ్యి ఎత్తి కూర్చుంది, మైకు తనకివ్వండి.